ఫుసాయె కట్టిన ముందు చక్రం

ఉదయం ఎనిమిదింటికి కురాహషి తొమెజో తన సైకిలు కొట్టు రేకు తలుపు పైకెత్తేవాడు. ఎత్తగానే మొదట చేసే పని తినడం. ఇంట్లో తిని వచ్చినా సరే, కొట్లో మళ్ళీ రెండు అన్నం ముద్దలు తిని, టీ తాగి, పొట్ట నిమురుకుని, అప్పుడుగానీ చక్రానికి బిగించే ఇనప పుల్లలు ముట్టుకునేవాడు కాదు. తిండిపోతు అని కొత్తవాళ్ళు అనుకునేవాళ్ళు. సకాయ్‌లో మా వీధివాళ్ళకి మాత్రం కారణం తెలుసు. చేత్తో చక్రం కట్టేటప్పుడు, పుల్లలు బిగించే ఆ కాసేపూ కట్టేవాళ్ళ మనసులో ఏముంటే చక్రం జీవితాంతం అటువైపే మొగ్గుతుంది. ఒకసారి ఆయన పరగడుపున పళ్ళ డాక్టరుకి చక్రం కట్టి ఇచ్చాడు. పాపం ఆ డాక్టరు ఆస్పత్రికని బయల్దేరి, రోజూ పాముచేపలు కాల్చే కొట్టు ముందు తేలేవాడు. మనిషి ఒళ్ళు చేశాడు, కొట్టు బాగుపడింది, ఎవరూ తప్పుపట్టలేదు.

అందుకని చక్రం కట్టించుకోవాలంటే ముందు తొమెజోని ఇంటికి పిలవాలి. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి, తలుపు రంగు చూసి, చెప్పుల గూడు చూసి, ఇచ్చిన టీ తాగి, "ఊఁ, పట్టుకున్నా" అని వెళ్ళిపోయేవాడు. కొట్లో కూర్చుని ఆ గుమ్మాన్నే తలుచుకుంటూ బిగించేవాడు. ఇక ఆ సైకిలు ఎక్కినవాడు ఎంత తాగినా, ఎంత మత్తులో ఉన్నా ఇల్లు చేరతాడు. కట్టడం అవగానే చక్రాన్ని కొక్కేనికి తగిలించాలి. నేల మీద పెట్టి అటు తిరిగారో, దొర్లుకుంటూ దాని దారిన అది పోతుంది. ఫ్యాక్టరీలో యంత్రం బిగించిన చక్రాలకి ఈ గొడవ లేదు. యంత్రానికి మనసు లేదు కాబట్టి వాటికీ లేదు, ఎటు తిప్పితే అటు పోతాయి. అయినా మావాళ్ళకి అవి నచ్చవు. ఎటూ పోవాలని లేని చక్రం మీద కూర్చుంటే పిట్టగోడ మీద కూర్చున్నట్టే ఉంటుందని అంటారు.

తొమెజోకి పేరు తెచ్చినవి పోటీ చక్రాలు. కొండవైపు, పళ్ళెం అంచులా వాలుగా కట్టిన మైదానంలో ఏడుగురేసి బ్రేకుల్లేని సైకిళ్ళ మీద చుట్లు కొడుతుంటే, జనం పందేలు కాసి గొంతులు చించుకుంటారు. ఆ చక్రాలు కట్టేటప్పుడు దేన్ని తలుచుకోవాలన్నది పెద్ద చిక్కు. గెలుపు గీతని తలుచుకుంటే పని కాదు. గుండ్రంగా తిరిగే దారి కదా, మొదటి చుట్టులోనే గీత మీదికి రాగానే చక్రం 'వచ్చేశాం' అని ఆగిపోతుంది. ముందువాడి వీపుని తలుచుకుంటే బతుకంతా రెండో స్థానమే. తొమెజో తలుచుకున్నది, పోటీ అయ్యాక ఆటగాళ్ళు దిగి కూర్చునే వేణ్ణీళ్ళ తొట్టిని. పోటీ ముగిస్తేగాని తొట్టి దొరకదు కాబట్టి ఆయన చక్రాలు నలభై ఏళ్ళు పడుతూ లేస్తూ పరుగెత్తాయి.

ఎనభై దాటాక వచ్చింది తంటా. తొట్టి గుర్తు రాగానే ఆయనకి తొట్టి తర్వాత తీసే కునుకు కూడా గుర్తొచ్చేది. ఆయన కొత్తగా కట్టిన చక్రాలు మూడో మలుపులో, పైకప్పు నీడ పడే చోట, ఆవలిస్తున్నట్టు నెమ్మదించేవి. ఆ నీడలో అందరికన్నా ఎక్కువ మునిగినవాడు హమాగుచి రియోజి.

రియోజికి నలభై నాలుగేళ్ళు. వయసులో ఉన్నప్పుడు నాలుగు పెద్ద పోటీలు గెలిచి, తర్వాత మెట్టు మెట్టూ దిగుతూ అడుగు తరగతికి చేరాడు. అక్కడినుంచి ఇక దిగడానికి మెట్టు లేదు, గేటు ఉంది. వానాకాలం పోయాక జరిగే మూడు రోజుల పోటీల్లో ఒక్కరోజైనా మొదటి నలుగురిలో రాకపోతే లైసెన్సు తీసేసుకుని ఇంటికి పొమ్మంటారు. సైకిలు తొక్కడం తప్ప రియోజికి వేరే విద్య రాదు. ఉల్లిపాయలు తరగమంటే వేలు తరుక్కునే రకం.

అతని భార్య ఫుసాయె. సానోలో తువ్వాళ్ళ మిల్లులో ఇరవై ఏళ్ళు దారాలు ముడేసింది. ఆ మిల్లు మూతపడి ఏడాదైంది. చేతులు ఖాళీగా ఉంటే ఆమెకి కోపం ఎక్కువవుతుంది. ఓరోజు మొగుడి ముందు చక్రం చంకన పెట్టుకుని తొమెజో కొట్టుకి వచ్చింది.

"తాతగారూ, ఇది చక్రమా, పరుపా?"

"ఏం చెయ్యమంటావమ్మా," అన్నాడు తొమెజో. "తొట్టిలో దిగేదాకా బాగానే ఉంటాను. దిగాక రెప్పలు బరువెక్కుతున్నాయి."

"మరి ఇంకెవరు కడతారు?"

"నాతోటివాళ్ళలో ఇద్దరు పోయారు. ఒకడున్నాడు, వాడు రోజంతా రేవులో గాలం వేసుకుని కూర్చుంటాడు. వాడు కడితే నీ మొగుడు సముద్రంలో తేలతాడు. ఏదీ, నీ చేతులు చూపించు."

ఫుసాయె చేతులు చాపింది. దారం కోసుకుని కోసుకుని కాయలు కాసిన వేళ్ళు. తొమెజో వాటిని తిప్పి చూసి, "రేపట్నుంచి రా. తిని రా," అన్నాడు.

పుల్లలు అల్లడం ఆమెకి ఇట్టే వచ్చేసింది. మధ్యనున్న హబ్బు చిల్లుల్లోంచి సగం పుల్లలు లోపలివైపునుంచి, సగం బయటివైపునుంచి దూర్చాలి. ఒక్కో పుల్లా రెండు పుల్లల మీదుగా పోయి, మూడోదాని కిందినుంచి దూరి రిమ్ముకి చేరాలి. మగ్గం మీద ఇరవై ఏళ్ళు చేసిన పనికి ఇది తోబుట్టువే. బిగింపు కష్టం. చిన్న పానాతో ఒక్కో పుల్లనీ అరతిప్పు తిప్పుతూ పోవాలి. చక్రాన్ని చట్రంలో పెట్టి తిప్పి, రిమ్ము ఎడమకి ఊగితే కుడి పుల్ల బిగించి, కుడికి ఊగితే ఎడమది బిగించి బెండు తీయాలి. చివరికి పుల్లల్ని వేలితో మీటితే అన్నీ ఒకే స్వరం పలకాలి. పోటీ చక్రాలకైతే పుల్లలు ఒకదాన్నొకటి దాటేచోట సన్నటి తీగ చుట్టి టంకం కూడా వేయాలి. అదీ నేర్చుకుంది. చేతులు నేర్చేసుకున్నాయి. బుర్ర దగ్గరే వచ్చింది పేచీ.

ఆమె కట్టిన మొదటి చక్రం ఇసోబె పెద్దమ్మది. పెద్దమ్మ మా వీధికంతటికీ పెద్దమ్మే. సంచి నిండా చప్పరించే బిళ్ళలు పెట్టుకుని, కనపడినవాళ్ళందరికీ, అడిగినా అడగకపోయినా ఒకటి చేతిలో పెడుతుంది. ఫుసాయె శ్రద్ధగా ఆమె ఇంటికి వెళ్ళి నీలం గుమ్మం తెర చూసి వచ్చింది. బిగిస్తూ బిగిస్తూ సగంలో ఉండగా, పొద్దున కుక్కరు స్విచ్చి వేశానా లేదా అన్న అనుమానం వచ్చింది. మర్నాడు పెద్దమ్మ సైకిలు వచ్చి ఫుసాయె వంటింటి తలుపుకి ఠక్కున తగిలింది.

"ఏమే ఫుసా, నేను బజారుకని బయల్దేరాను. మీ వంటింట్లో ఏముందే అంత విశేషం?"

"అయ్యో పెద్దమ్మా! కుక్కరు స్విచ్చి వేశానో లేదో అనుకున్నాను, అప్పుడే..."

"వేశావా మరి?"

"వేయలేదు."

"అదీ సంగతి. నా సైకిలు నయం, చూసి రమ్మని నన్ను పంపింది. సరే, ఎలాగూ వచ్చాను, టీ పెట్టు."

విప్పి మళ్ళీ కడతానంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు, కాలక్షేపానికి ఇదే బాగుందంది. అప్పట్నుంచి రోజూ బజారుకని బయల్దేరి ఫుసాయె వంటింట్లో దిగేది. ముల్లంగి దుంపలకి మాత్రం నడిచి వెళ్ళేది.

"ఆలోచన రాకుండా ఎవడూ ఆపలేడమ్మాయ్," అన్నాడు తొమెజో. "వచ్చినప్పుడు చెయ్యి ఆపు. చుట్టం వచ్చినట్టు రానీ, కూర్చోనీ, పోనీ. అది గడప దాటాక మళ్ళీ బిగించు. తొందరపడితే అది చక్రంలో కాపురం పెడుతుంది."

వానాకాలం అయ్యేసరికి ఆమెకి ఆ ఒడుపు దొరికింది. పానా గాల్లో ఆగిపోయి ఉంటే, ఫుసాయె మనసులోకి ఎవరో వచ్చారని మేం తెలుసుకుని మాట్లాడించేవాళ్ళం కాదు. సేమియాల కొట్టాయన సైకిలు కట్టింది, గుడి పూజారి సైకిలు కట్టింది. ఇద్దరూ తిన్నగా ఇళ్ళు చేరారు. పూజారి భార్య మాత్రం, ఇంత త్వరగా ఇంటికి రావడం అలవాటు లేక ఆయన విసిగిస్తున్నాడని గొణిగింది. ఇక రియోజి ముందు చక్రం కట్టొచ్చని తొమెజో తలూపాడు.

"వెనక చక్రం నా మంచి రోజుల్లోది, దానికింకా తొట్టి మీద ఆశ చావలేదు. దారి చూపేది ముందుదే. తొట్టిని తలుచుకో. ఆవిరి తలుచుకో. కునుకు జోలికి పోకు."

ఫుసాయె ఆవిరి తలుచుకుంది. తొట్టి అంచు తలుచుకుంది. అందులో మెడదాకా మునిగిన మొగుణ్ణి తలుచుకుంది. నీళ్ళలోంచి అతని భుజం పైకి తేలింది. ఆ భుజం మీద కుట్లు. ఆ ఎముక మూడుసార్లు విరిగింది. మూడోసారి విరిగినప్పుడు ఫుసాయె కంచె పక్కనే ఉంది. ఆస్పత్రి తెల్లబండి మెల్లగా మలుపు తిరగడం, పాలిపోయిన పెదాలతో అతను "కూరేం చేశావు?" అని అడగడం, అంతా కళ్ళకు కట్టింది. చెయ్యి ఆపాలన్న సంగతే ఆమెకి గుర్తు రాలేదు.

చక్రం పూర్తయ్యాక, చూద్దామని నేల మీద పెట్టింది. అది ఒకసారి ఊగి, గడప దాటి, పోస్టు డబ్బా దగ్గర ఎడమకి తిరిగి వెళ్ళిపోయింది. కాసేపటికి ఎముకల డాక్టరు నకత్సుజి దాన్ని భుజాన వేసుకుని రొప్పుతూ వచ్చాడు.

"రియోజి ఏడీ? పడ్డాడా?"

"పడలేదు డాక్టరుగారూ," అంది ఫుసాయె. "ఇంకా."

"మరి మా గుమ్మంలోకొచ్చి నిలబడిందేం? నేను మంచం కూడా దులిపించాను."

ఎవరూ నవ్వలేదు. తొమెజో చక్రాన్ని అందుకుని కొక్కేనికి తగిలించాడు. "చక్రానికి కోరిక వేరు, భయం వేరు అని తెలీదమ్మాయ్. మనసులో ఏ చోటుంటే ఆ చోటికి పోతుంది, అంతే."

డాక్టరు గుమ్మం చేరాలంటే ముందు కింద పడాలి. ఆ మాట ఫుసాయెకి ఎవరూ చెప్పక్కర్లేదు. పుల్లలన్నీ వదులు చేసేసింది. వదులు చేస్తే చక్రం మరిచిపోతుంది. మళ్ళీ బిగించింది. మళ్ళీ పోస్టు డబ్బా దగ్గర ఎడమకే తిరిగింది. మూడోసారి కూడా అటే వెళితే, డాక్టరు తీసుకొచ్చి ఇస్తూ, "ఇక నేనే సాయంత్రం పూట ఇటు వచ్చి పలకరించిపోతాలే, దానికి శ్రమ దేనికి," అన్నాడు.

ఆ రోజు అన్నాల దగ్గర ఫుసాయె చెప్పేసింది. "నా వల్ల కాదయ్యా. ఫ్యాక్టరీ చక్రం వేసుకో."

"ఫ్యాక్టరీ చక్రం మీద నా కాళ్ళు ఏడో స్థానం కాళ్ళే," అన్నాడు రియోజి.

"ఏడో స్థానమే రానీ." అంత మాట వచ్చాక ఆమె ఇక దాచలేదు. "నువ్వు ఓడిపోతే బాగుండునని ఉంది నాకు. ఓడిపోయి ఇంట్లో కూర్చుంటే, ఫోను మోగినప్పుడల్లా నా గుండె జారిపోదు. అలా అనుకునేదాన్ని నీకు చక్రం ఎలా కట్టను? ఎంత పాపం?"

రియోజి చారు గిన్నె కింద పెట్టాడు.

"నాకు తెలుసు," అన్నాడు.

"ఎలా తెలుసు?"

"పదహారేళ్ళుగా చూస్తున్నా కదా. గెలిచి వచ్చిన రోజు మామూలు కూర. దెబ్బ తగలకుండా వచ్చిన రోజు నాలుగు రకాలు."

ఫుసాయెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళి, నీళ్ళ చప్పుడు కాస్త ఎక్కువగా చేస్తూ కడిగింది.

పోటీ మైదానంలోకి వెళ్ళే రోజు దగ్గరపడింది. ఒకసారి లోపలికి వెళితే మూడు రోజులూ ఆటగాళ్ళు బయటివాళ్ళతో మాట్లాడకూడదు, ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు. సైకిలు కూడా వెళ్ళిన పూటే తనిఖీ చేస్తారు, ఆ తర్వాత చక్రం మార్చడానికి లేదు. వెళ్ళడానికి ముందు రోజు మధ్యాహ్నం రియోజి కొట్టుకి వచ్చేసరికి ఆ ముందు చక్రం ఇంకా పుల్లలు వదులై, ముసలివాడి నోరులా చట్రంలో వేలాడుతోంది.

ఇసోబె పెద్దమ్మ గిన్నె నిండా ఊరవేసిన నీటివంకాయలు తెచ్చింది. ఆ వంకాయని కత్తితో కోయకూడదు, చేత్తో చీల్చుకు తినాలి. రియోజి ఒక చెక్కపెట్టె బోర్లించుకుని ఫుసాయెకి ఎదురుగా కూర్చున్నాడు. వంకాయ చీలుస్తుంటే రసం మోచేతిదాకా కారింది.

"ఒరే, తువ్వాలు ఇవ్వనా?" అంది పెద్దమ్మ.

"వద్దు పెద్దమ్మా, తువ్వాళ్ళ పేరెత్తకు. ఈవిడ వల్ల మా ఇంట్లో తువ్వాళ్ళు చచ్చేదాకా కొనక్కర్లేదు."

"నా వల్లా?" అంది ఫుసాయె, పానా చేతిలోకి తీసుకుంటూ.

"కాదా? మిల్లు పక్కన కొట్లో నువ్వు కూర్చునేదానివి శనివారాలు. ప్రతి శనివారం వచ్చి ఒక తువ్వాలు కొన్నాను. ఏడాది పొడుగునా. ఒక్కసారైనా పేరు అడిగావా?"

"అడగడానికేముంది? ఈ మనిషికి చెమట ఎక్కువ కాబోలు అనుకున్నాను."

పెద్దమ్మ బిళ్ళ గొంతుకి అడ్డం పడేంత నవ్వింది. తొమెజో కూడా కునుకులోంచి లేచి నవ్వాడు.

"చివరికి ఒకరోజు చెప్పింది నాతో," అన్నాడు రియోజి, పెద్దమ్మవైపు తిరిగి. "ఏమని? 'బాబూ, వైద్యుడికి చూపించుకోండి' అని. నేను చిన్నబుచ్చుకుని, కొన్న తువ్వాలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాను. వీధి చివరిదాకా పరుగెత్తుకొచ్చింది, తువ్వాలు ఇవ్వడానికి. సైకిలు మీదున్నవాణ్ణి, కావాలని మెల్లగా తొక్కాను. జీవితంలో నేను ఓడిపోవాలని ఓడిపోయిన పందెం అదొక్కటే."

"అబద్ధం," అంది ఫుసాయె. "నువ్వు గట్టిగానే తొక్కావు. నేనే బాగా పరుగెత్తాను."

ఆమె చేతులు వాటంతట అవే తిరుగుతున్నాయి. అరతిప్పు, అరతిప్పు, ఇటొకటి, అటొకటి. తొట్టి గుర్తు రాలేదు, తెల్లబండి గుర్తు రాలేదు. ఎదురుగా వంకాయ రసం నాక్కుంటున్న ఈ మనిషి ఉన్నాడు, అంతే. చెవి వెనక నెరిసిన వెంట్రుకలు, నవ్వితే మూసుకుపోయే ఎడమ కన్ను. వేలితో మీటితే పుల్లలన్నీ ఒకే స్వరం పలికాయి. తీగ చుట్టి టంకం వేసేసరికి గిన్నెలో వంకాయలు అయిపోయాయి.

చక్రాన్ని నేల మీద పెట్టింది. అందరూ నకత్సుజి డాక్టరు ఇంటి వైపు చూశారు. డాక్టరు కూడా, మాటిచ్చినట్టే సాయంత్రానికి వచ్చినవాడు, తన ఇంటి వైపే చూశాడు. చక్రం కాస్త ఊగింది. బెత్తెడు దూరం దొర్లి రియోజి మోకాలికి తగిలి, ఆనుకుని నిలబడింది.

రియోజి లేచి అవతలి పక్క కూర్చున్నాడు. చక్రం తిరిగి అవతలి పక్కకి వెళ్ళింది. గుమ్మందాకా నడిచాడు, గుమ్మందాకా వచ్చింది.

"కోడిపిల్లలా ఉందే," అంది పెద్దమ్మ.

ఫుసాయె ముఖం సిగ్గుతో ఎర్రబడింది. తొమెజో మాత్రం పెదవి విరిచాడు. "ముద్దుగానే ఉంది గాని, పోటీకి పనికి రాదు. నువ్వు ఎక్కి కూర్చోగానే దాని ప్రయాణం అయిపోయింది. చేరాల్సిన చోటు దాని నెత్తినే ఉంటే ఇక పరుగెందుకు? ఫ్యాక్టరీ చక్రంతో సమానం. చక్రానికి ఆకలుండాలి."

"ఆకలి నాకుంది, చాలదా తాతగారూ?" అన్నాడు రియోజి. వంగి చక్రాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "ఫ్యాక్టరీది ఎటూ పోవాలనుకోదు. ఇది వచ్చి చేరింది. రెండూ ఒకటెలా అవుతాయి?"

విప్పి మళ్ళీ కట్టడానికి పొద్దు కూడా లేదు. ఆ చక్రంతోనే వెళ్ళాడు.

మొదటి రోజు ఆరో స్థానం. రెండో రోజు ఏడు. ముందు చక్రం తొందరపెట్టలేదు, నీడలో కునుకూ తీయలేదు, కాళ్ళు చెప్పినంతే చేసింది. నలభై నాలుగేళ్ళ కాళ్ళు చెప్పేది ఎంతని. ఈ కబురు పేపర్లో చూసి ఫుసాయె, ఊపిరి పీల్చుకున్నందుకు తనని తనే తిట్టుకుంది.

మూడో రోజు పెద్దమ్మ ఊరుకోలేదు. "ఆఖరి రోజు మొగుడు తొక్కుతుంటే ఇంట్లో కూర్చుంటావా? లే!" అని రైలెక్కించి తీసుకెళ్ళింది. ఇద్దరూ ఆఖరి మలుపు దగ్గర కంచె పట్టుకుని నిలబడ్డారు. పక్కనే ఒకాయన, చేతిలో పందెం చీటీ నలుపుతూ, ఉన్న గొంతంతా పెట్టి అరుస్తున్నాడు.

"హమాగుచీ! పోటీలెందుకురా, ఇంటికెళ్ళి బియ్యం కడుక్కో!"

పెద్దమ్మ ఆయన చేతిలో బిళ్ళ పెట్టింది. "నోట్లో వేసుకో నాయనా. కాసేపు మూతపడుతుంది."

ఆయన బుద్ధిగా వేసుకున్నాడు.

ఆఖరి చుట్టు గంట మోగింది. రియోజి ఐదోవాడు. వాలు మీద సైకిళ్ళు గుప్పెడంత దూరంలో ఒకదాన్నొకటి రాసుకుంటూ మలుపులోకి వచ్చాయి. ముందరి ముగ్గురు దాటేశారు. నాలుగోవాడి సైకిలు జారింది. వెనకే వస్తున్న రియోజి దాని మీదుగా ఎగిరాడు, ఆ వెనకవాళ్ళిద్దరూ వచ్చి కలిశారు.

పదహారేళ్ళుగా ఫుసాయె భయపడిందంతా ఆమె కళ్ళెదుటే జరిగింది. రియోజి వీపు మీద జారుకుంటూ వాలు అడుగుకి వచ్చి ఆగాడు. సైకిలు ఎక్కడో లోపల గడ్డిలో పడింది. తెల్లబండి ఇంజను చప్పుడు వినిపించింది.

ముందరి ముగ్గురూ గీత దాటారు. నాలుగో స్థానం ఇంకా ఖాళీగా ఉంది. పడ్డవాళ్ళలో ఎవరు ముందు లేచి, తన సైకిలుతో గీత దాటితే వాళ్ళది. మిగతా ముగ్గురూ లేచారు, ఒకదానిలో ఒకటి చిక్కుకున్న సైకిళ్ళని తిట్టుకుంటూ లాగుతున్నారు. రియోజి లేచి కూర్చున్నాడు గాని, సైకిలు ఎటుపోయిందో తెలియక తల తిప్పుతున్నాడు.

గడ్డిలో పడున్న సైకిలు ముందు చక్రం మెల్లగా తిరిగింది. తిరిగి, నేలని పట్టుకుని లేచి నిలబడింది. వెనక చక్రాన్ని ఈడ్చుకుంటూ గడ్డి దాటి, గట్టు దిగి, తిన్నగా వచ్చి రియోజి భుజానికి ఆనుకుని ఆగింది.

"ఎక్కరా బాబూ!" అని అరిచాడు కంచె దగ్గరాయన, బుగ్గన బిళ్ళ పెట్టుకుని. "ఎదురొచ్చి నిలబడితే ఇంకా ఏం చూస్తావ్? ఎక్కు!"

రియోజి ముందు దాని పుల్లల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వేయడం ఫుసాయెకి స్పష్టంగా కనిపించింది. తర్వాత ఎక్కాడు. తొడ మీద బట్ట చిరిగిపోయి, ఒక కాలు సగం బలంతో తొక్కుతూ గీత దాటాడు. బోర్డు మీద నాలుగో అంకె పక్కన అతని పేరు వచ్చింది. అప్పుడు ఫుసాయె కంచె పట్టుకునే కూలబడి, పెద్దమ్మ సంచిలో తల పెట్టి బిళ్ళల మీద ఏడ్చింది. పడకుండా ఆపాలని ఇన్నేళ్ళు తన మనసు పడ్డ పాట్లన్నీ ఎందుకూ పనికి రాలేదు. పడ్డాక పక్కకొచ్చి నిలబడటం మాత్రం వచ్చింది తనకి. ఆ సంగతి ఆమెకి ఆ చక్రాన్ని చూసేదాకా తెలియదు.

సాయంత్రం ఆమె ఇల్లు చేరాక, గేటు దగ్గర ఫోన్లు తిరిగిచ్చిన వెంటనే అతను ఫోను చేశాడు. ఫోను మోగితే ఫుసాయె గుండె ఎప్పటిలాగే జారింది. జారినా తీసింది.

"ఫుసా."

"దెబ్బలు?"

"తొడ చెక్కుకుపోయింది. ఎముకలన్నీ ఉన్నాయి, తడిమి చూసుకున్నా. ఇంకో ఆరు నెలలు ఉండమన్నారు."

"ఊఁ."

"ఇది నన్ను వదలట్లేదే. గోడకి ఆనించి వస్తే స్నానాల గదిలోకి కూడా వచ్చేసింది. పక్కవాళ్ళు జరిగి చోటిచ్చారు." గొంతు మారింది. "ఫుసా, మానేయమంటే మానేస్తాను. వాళ్ళు పొమ్మంటే పోవడం వేరు, నాలుగో స్థానంతో నేనే వచ్చేయడం వేరు. పరువుగానే ఉంటుంది. ఏమంటావ్?"

ఈ ప్రశ్న కోసం ఆమె పదహారేళ్ళు ఎదురుచూసింది. జవాబు ఎప్పుడో తయారు చేసి పెట్టుకుంది, నోటిదాకా వచ్చింది కూడా. చుట్టం వచ్చినట్టు దాన్ని రానిచ్చింది, కూర్చోనిచ్చింది. లేచి గడప దాటి పోనిచ్చింది.

"నీ ఇష్టం," అంది. "నువ్వు ఎటు పోయినా అది నీ వెంటే వస్తుంది. కట్టిందాన్ని, నాకు తెలుసు."

అవతల అతను ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

"అయితే స్టేషనుకి రా," అన్నాడు. "కాలు నొప్పిగా ఉంది, సామాను మోయలేను."

"వస్తున్నా," అని ఫుసాయె చెప్పులు వేసుకుంది.